పిడికెడు మట్టికి ఎన్ని శాఖలు

మా వంశంలో భూగోళశాస్త్రం చదివినదాన్ని నేనొక్కదాన్నే. మదురైలో కాలేజీకి పోయి డిగ్రీ తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ డిగ్రీ మావాళ్ళకు ఒక్క పనికే ఉపయోగపడింది. పెళ్ళికో పుట్టువెంట్రుకలకో బస్సులో పోయేటప్పుడు నన్ను ముందు ఎక్కించి, "ఏ పక్క నీడ వస్తుందో చెప్పు" అని అడిగేవాళ్ళు. నేను చెప్పిన పక్క కూర్చుని, రోడ్డు మలుపు తిరిగి ఎండ మొహాన పడగానే నా చదువును తిట్టేవాళ్ళు. అంతకు మించి భూమి గురించి నన్ను అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. భూములున్నవాళ్ళు భూగోళాన్ని లెక్కచేయరు.

ఆ అవసరాన్ని రోడ్డు తెచ్చిపెట్టింది.

మాది ఆండిపట్టి పక్క ఊరు. ఎన్నో తరాల కిందట ఉత్తరం నుంచి దిగి వచ్చి, ఇక్కడ ముళ్ళపొదలు కొట్టి సేద్యం చేసి, తమిళంలో చదివి, తమిళంలో తగాదాలాడి, ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడుకునే జనం మేము. మాలో కొందరు ఇంకా మట్టి పిసుకుతున్నారు. కోయంబత్తూరు పోయినవాళ్ళు పంపుసెట్ల ఫ్యాక్టరీలు పెట్టి, మట్టి తగిలితే చేతులు కడుక్కునే స్థాయికి ఎదిగారు. ఈ రెండు జాతులనూ ఒక చోట కూర్చోబెట్టగలిగేది మా ఇలవేల్పు ఒక్కతే. అదీ ఏడాదికి ఒకసారి, శివరాత్రికి.

ఊళ్ళోకి తిరిగే మలుపులో, రోడ్డుకు ఆనుకుని ఉండేదామె. గుడి అంటే ఎక్కువ చెప్పినట్టు. మోకాలెత్తు గోడ, మీద రేకు, లోపల పసుపు పూసిన రాయి. ఆ స్థలం మా అత్తది, అంటే మా నాన్న చెల్లెలిది. మామ పోయాక మల్లెతోట పెట్టుకుని ఒక్కతే బతుకుతున్న మనిషి. తెల్లారి మొగ్గలు కోసి వ్యాపారికి ఇచ్చి, మిగిలిన గుప్పెడు రాయి మీద పెట్టి, కాసేపు ఆ రాయితో మాట్లాడి పోయేది. "నిన్న ధర ఏమీ బాగలేదు. ఈ పొద్దన్నా కాస్త చూడు. నాకు లేకపోతే నీకు మాత్రం యాడనుంచి వస్తుంది?" దేవతను బెదిరించే భక్తి ఆమెది. మా ఇంట్లో నాకు నచ్చిన భక్తి అదొక్కటే.

కొండ దాటి కేరళకు పోయే కార్లు ఇంకాస్త వేగంగా పోవాలని ప్రభుత్వం అనుకుంది. మా ప్రభుత్వం సముద్రపు ఒడ్డున కూర్చుని ఉంటుంది, మేము ఆ చివర కొండల కింద ఉంటాం. అక్కడి నుంచి చూస్తే మా ఊళ్ళు ఊళ్ళుగా కనబడవు. ఎవరో ఎక్కడికో పోయే దారిలా కనబడతాయి. దారి మీద రాయి ఉంటే తీసేస్తారు. ఆ రాయి మా అమ్మవారు కావడం వాళ్ళకు పెద్ద విషయం కాదు.

నోటీసు అంటించిన తరువాతి ఆదివారం మావాళ్ళందరూ దిగారు. కోయంబత్తూరు నుంచి కార్లలో, పెరియకుళం నుంచి వ్యానులో, మదురై నుంచి నేను బస్సులో. యంత్రం వచ్చేలోపు అమ్మను తరలించాలి. తరలింపు అంటే మావాళ్ళకు మహా ఉత్సాహం. ఒకడు గంట విప్పాడు. ఒకడు రేకు దించాడు. శూలం ఒకరు, దీపపు సెమ్మె ఒకరు. మా చిన్నాన్న కొడుకు ట్యూబులైటు విప్పి, స్టార్టరు మళ్ళీ దొరకదని అది కూడా జేబులో వేసుకున్నాడు. రాయిని చీరలో చుట్టి మోసుకుపోయి అత్త పశువుల కొట్టంలో నిలబెట్టారు. అందరూ బిర్యానీ తిని వెళ్ళిపోయారు. తరువాత యంత్రం వచ్చి ఆ చోటు తవ్వి, కంకర పోసి, తారు పరిచి పోయింది.

రోడ్డు మింగగా మిగిలిన మల్లెతోట మూల అమ్మను కూర్చోబెడదామని మళ్ళీ సమావేశం అయ్యాం. ముహూర్తం, మేకపోతు, సున్నం, అన్నీ మాట్లాడుకున్నాక అత్త అడిగింది.

"అది సరే, పిడిమన్ను ఎవరి దగ్గర ఉండాది?"

మాలో ఒక పద్ధతి ఉంది. అమ్మ ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారాలంటే, పాత పీఠం కింది మన్ను పిడికెడు తీసుకుపోయి కొత్త చోట పోయాలి. దాని మీద నిలబెడితేనే ఆమె దిగుతుంది. ఆ మన్ను లేకపోతే అది రాయి మాత్రమే, బట్టలు ఉతుక్కోవచ్చు.

 అందరూ ఒక్కసారిగా పలికారు.

"నీవు తీసినావనుకుంటినే!"

"నేనా? నేను నిచ్చెన మీద రేకు విప్పతా ఉంటిని. మన్ను నిచ్చెన మీద ఉంటుందా?"

"గంట విప్పినోడు వంగి పిడికెడు మన్ను తీయకూడదా?"

"స్టార్టరు తీసినోణ్ణి అడుగు. కంటికి కనబడనిదాన్ని తీసినాడు, కాళ్ళ కిందది తీయలేదు."

ఇది మావాళ్ళు మాత్రమే చేయగల తప్పు. ఏ మన్ను కోసం దేవతను కొలుస్తారో ఆ మన్ను తప్ప సమస్తం మోసుకొచ్చారు. ఇంతమంది ఉన్న వంశంలో ప్రతివాడూ ఇంకొకడు వంగుతాడనుకున్నాడు. నేను కూడా అక్కడే ఉన్నాను కదా అంటారేమో. ఉన్నాను. ఆడవాళ్ళు పీఠం ముట్టుకోకూడదని నన్ను దూరంగా నిలబెట్టింది వీళ్ళే.

అప్పుడు గొంతు సవరించుకున్నాడు మా కోయంబత్తూరు పెద్దనాన్న. మా పలుకులో పెద్దనైనా. ప్రభుత్వంలో ఏదో శాఖలో చేసి రిటైరయ్యాడు. ఏ శాఖో అడిగితే ముందు ప్రభుత్వం ఎలా పనిచేస్తుందో వివరిస్తాడు కనుక ఎవరూ అడగరు.

"దీనికింత గొడవ ఏంటికి? కోయంబత్తూరులో మన హాలు ఉండాది. పాలరాయి పరిచినాము. అమ్మను అక్కడికి తీసుకుపోతాము. అయ్యరును పిలిచి శాస్త్రంగా కుంభాభిషేకం చేస్తే మన్ను గిన్ను అవసరం లేదు. పేడ వాసనలో పెట్టుకుంటే ఆమెకూ గౌరవం లేదు, మనకూ గౌరవం లేదు."

"ఆమె ఎప్పుడు చెప్పింది నీతో, పేడ వాసన పడదని?" అంది అత్త.

"శివరాత్రి లోపల పిడిమన్ను తెస్తే ఇక్కడే ఉంచండి. నేను అడ్డం రాను. లేకపోతే శివరాత్రి అయినాక కారు పంపిస్తాను."

రోడ్డు కింద పడ్డ మన్ను ఎక్కడి నుంచి తెస్తారన్న ధైర్యం ఆయనది. అత్త తల వంచుకుని కూర్చుంది. అందరూ వెళ్ళాక నా చేయి పట్టుకుంది.

"పాపా, నేను ఆ కొట్టంలోకి పోయి ఎవరికి దీపం పెట్టేది? రోడ్డుకా?"

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను ఏదో ఓదార్పు చెప్పి తప్పించుకునేదాన్ని.

"ఈ మన్ను పోయింది, సరి. దీనికి ముందు మన్ను ఉండాది కదా," అంది. "మన అవ్వ ఏటి ఒడ్డు నుంచి కొంగున కట్టుకొచ్చిన మన్ను. ఆ ఒడ్డు యాడికి పోతుంది? నీవు మ్యాపు చదివినావే. చూసి చెప్పు."

అలా నా డిగ్రీకి పని పడింది.

కథ మా ఇళ్ళలో అందరికీ తెలిసిందే. ప్రతి శివరాత్రికీ పొంగలి ఉడికేలోపు అత్త చెబుతుంది. పిల్లనడిగిన ఎవరో రాజుకు ఇచ్చేది లేదని చెప్పి మావాళ్ళు రాత్రికి రాత్రి బయలుదేరారు. వెనక సైన్యం, ముందు నిండు ఏరు. ఒడ్డున ఉన్న కానుగచెట్టు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వంగింది. మనుషులు, గొడ్లు, పిల్లలు దాని మీద నడిచి దాటాక లేచి నిలబడింది. దాటిన ఒడ్డున పిల్లలు ఉప్పుగాలికి నిద్రపోయారు. ఒక అవ్వ ఆ చోట మొక్కి, పిడికెడు మన్ను కొంగున కట్టుకుంది. అందుకే మేము ఇవాళ్టికీ కానుగ కట్టె పొయ్యిలో పెట్టం.

ఏ ఏరో ఎవరూ చెప్పరు. పెద్దనాన్నను అడిగితే వెంటనే "కృష్ణ" అన్నాడు. మా వంశం దాటిందంటే చిన్న ఏరు ఎందుకవుతుందని ఆయన వాదం. పెరియకుళంవాళ్ళు తుంగభద్ర అన్నారు, వాళ్ళ అల్లుడు ఒకసారి అక్కడ స్నానం చేశాడట. నాకు కథలో పనికొచ్చిన మాట ఒక్కటే కనబడింది, ఉప్పుగాలి. అంటే సముద్రానికి దగ్గర. ఏటి ముఖం దగ్గర్లో, దక్షిణపు ఒడ్డు. పటం పరిచి వేలు పెట్టాను. సరిహద్దు దాటి కొంత దూరం పోతే సముద్రంలో కలిసే ఏరు ఒకటుంది. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే రేపు మావాళ్ళు అక్కడ పాలరాతి మంటపం కడతారు.

నా వేలు తప్పు చోట పడి ఉండవచ్చు. కానీ తప్పని చెప్పగలవాడు ఒక్కడూ లేడు. మా డిగ్రీలో ఇంతకన్నా గట్టి రుజువుతో నేను ఏదీ చదవలేదు.

ప్రయాణానికి పెద్దనాన్న కూడా వస్తానన్నాడు. "అది పరాయి రాష్ట్రం, అమ్మణ్ణీ. అక్కడి గవర్నమెంటు వేరే. సుమ్మా పోయి ఊరికే మన్ను ఎత్తుకోకూడదు. ప్రొసీజర్ ఉంటుంది." వద్దంటే అనుమానంగా చూస్తాడు, వస్తే ప్రాణం తీస్తాడు. రమ్మన్నాను.

రైలు దిగి, బస్సు పట్టుకుని, ఆటో మాట్లాడుకుని ఏటి ముఖం దగ్గరి పల్లెకు చేరాం. ఆ రాష్ట్రపు భూగోళాన్ని మేము పుస్తకంలో చదివింది వేరు. పొడుగాటి తీరం, సారవంతమైన డెల్టా, వరి, కొబ్బరి. నేను చూసినంత మేర రొయ్యల గుంటలు. భూమిని గళ్ళు గళ్ళుగా కోసి ఉప్పునీళ్ళు పోసి, ప్రతి గడిలో ఒక చక్రం తిప్పుతూ పెట్టారు. మధ్య మధ్య సర్కారు తుమ్మ. దాని పక్కన నాయకుల బొమ్మల ఫ్లెక్సీలు, ఒకరిని చించి ఇంకొకరిని అంటించినవి. ఆటోవాణ్ణి మీ రాజధాని ఏదని అడిగాను. "ఇప్పుడా?" అన్నాడు. నాకు ఆ జవాబు చాలా సంపూర్ణంగా అనిపించింది.

అత్త సముద్రాన్ని మొదటిసారి చూసింది.  తరువాత టీ అంగడి ముందు పేర్చిన నీళ్ళ క్యాన్లను చూసి, "ఇంత నీళ్ళు వాకిట్లో పెట్టుకుని తాగేదానికి కొనుక్కుంటుండారే, ఏం మనుషులు!" అంది. ఆ తరువాత ఆ సముద్రాన్ని మళ్ళీ చూడలేదు.

టీ అంగడాయన్ను నేరుగా అడిగింది. "నైనా, ఇక్కడ ఏటికి అడ్డంగా వంగిన కానుగచెట్టు యాడుంది?"

ఆయన గ్లాసు కడగడం ఆపాడు. "తమిళోళ్ళా అమ్మా?"

"తెలుగోళ్ళమే! ఇంట్లో వేరే మాట్లాడము!"

"మరి ఇదేం తెలుగమ్మా? మా తాత మాట్లాడినట్టుంది, మధ్యలో తమిళ పాట కలిపినట్టుంది."

అంగట్లో అందరూ నవ్వారు. మా ఊళ్ళో మమ్మల్ని వడుగర్ అంటారు, ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళని. ఆ ఉత్తరానికి వస్తే తమిళోళ్ళు అంటున్నారు. నేను జవాబు చెప్పబోయాను. అత్తే ముందు అంది. "మీ తాత మాట్లాడినట్టు ఉండాది కదా? అయితే ఆయన నాకు అన్న. టీలో చక్కెర తగ్గించి పొయ్యి, ఆయన చెల్లెలికి."

చక్కెర తగ్గించి పోశాడు. చెట్టు సంగతి ఎవరికీ తెలియదు. అక్కడ ఎవరి చెట్టూ ఎవరి కోసమూ వంగినట్టు వాళ్ళు వినలేదు. మమ్మల్ని తరిమిన దేశంలో మా గురించి ఒక్క మాట మిగలలేదు. వంశం పేరు చెప్పుకుని ఛాతీ విరిచే మా కోయంబత్తూరువాళ్ళను అందరినీ తెచ్చి ఆ బెంచీ మీద ఒక గంట కూర్చోబెట్టాలనిపించింది.

పెద్దనాన్న మాత్రం పల్లె ఆఫీసు ఎక్కడని వాకబు చేశాడు. అనుమతి లేకుండా ఒడ్డుకు అడుగు పెట్టనివ్వలేదు. ఆఫీసులో ఒక యువకుడు కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. పెద్దనాన్న తను ఎవరో, తను చేసిన సర్వీసు ఎలాంటిదో చెప్పి, చివరికి విషయానికి వచ్చాడు.

"మీ ఏటి ఒడ్డు నుంచి పిడికెడు మన్ను తీసుకుపోవాలి. అనుమతి కావాలి."

ఆ యువకుడు చాలా మర్యాదస్తుడు. అదే ప్రమాదం. మొరటువాడైతే పొమ్మనేవాడు, మేము పోయి మన్ను తీసుకునేవాళ్ళం.

"మట్టా, ఇసుకా సార్?"

"ఏం, తేడా ఉందా?"

"ఇసుకైతే గనుల శాఖ సార్. మట్టైతే రెవెన్యూ. కానీ కట్ట మీది మట్టైతే నీటిపారుదల వాళ్ళది. అక్కడ మడ చెట్లున్న వైపైతే అటవీ శాఖ అడ్డం వస్తుంది. బాగా కిందికి పోతే తీరం కదా, దానికి వేరే రూల్సు."

"పిడికెడే తీసుకునేది," అన్నాన్నేను.

"అందరూ అదే అంటారు మేడం. పక్క రాష్ట్రానికి లారీలు పోయేది అట్టాగే. మీరు ఏ రాష్ట్రం?"

పెద్దనాన్న ముఖం వెలిగింది. ఎన్నాళ్ళకో తన భాష మాట్లాడే మనిషి దొరికాడు. ఒడ్డు అంటే ఏది, కట్ట అంటే ఏది, నీళ్ళు తగ్గినప్పుడు బయటపడ్డ మన్ను ఎవరిది, ఆటుపోటు ఎక్కడి దాకా వస్తుంది, ఇవన్నీ ఇద్దరూ కలిసి తేల్చుకోవడం మొదలుపెట్టారు. కాలేజీలో నేను మూడేళ్ళు చదివిన తీరప్రాంత భూగోళం ఆ బల్ల మీద ఒక పూటలో పూర్తయింది. ఏరు, ఒడ్డు, ఇసుక, ఒండ్రు, మడ, సముద్రం. దేవుడు ఒక వరసలో పెట్టినదాన్ని ప్రభుత్వం గదులు కట్టి విడదీసింది. ఒక గదివాడు ఇంకో గదివాడి మొహం చూడడు. ఇక్కడని కాదు, మా వైపు ప్రభుత్వం కూడా ఇదే కాపురం చేస్తుంది. సరిహద్దుకు రెండు వైపులా ఒకే బుద్ధి ఉంటే మధ్యలో ఆ సరిహద్దు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తిరిగి చూస్తే అత్త లేదు.

పరుగెత్తాను. రొయ్యల గుంటల గట్టు మీద, చెప్పులు చేతిలో పట్టుకుని ఏటి వైపు పోతోంది. ఒడ్డుకు కాస్త ఇవతల, మోటారు గది పక్కన, ఒక కానుగచెట్టు ఉంది. వంగలేదు, పెరగనూ లేదు. ఎప్పుడో ప్రభుత్వం నాటించిన మొక్క. కాండం మీద తెల్లరంగుతో నంబరు వేసి ఉంది. అత్త దాని మొదట్లో కూర్చుని మొక్కుతోంది.

"అత్తా, ఇది సర్కారు చెట్టు. నాకంటే చిన్నది. నంబరు చూడు."

"చిన్నదైతే? నేను మా అమ్మ కంటే చిన్నదాన్నే. ఆమె కూతుర్ని కాకుండా పోతానా?" అంది. "దీని తాత వంగి ఉంటాడు."

నంబరు సంగతి వదిలేసి నేను కూడా చెప్పులు విప్పాను. ఇలాంటిది నాకు తరచుగా జరగదు.

అక్కణ్ణుంచి ఒడ్డుకు దిగింది. తడి ఆరిన నల్లటి మన్నును కుడిచేత్తో తవ్వి, పిడికిలి బిగించి, కళ్ళకు అద్దుకుని, పసుపుపచ్చ గుడ్డసంచిలో వేసింది. గాలి ఉప్పగానే ఉంది. నేను పెదవులు తడిపి చూసుకున్నాను. ఆ మాట మాత్రం అత్తకు చెప్పలేదు. చెబితే రొయ్యల గుంటల ఉప్పేమో అని నేనే మళ్ళీ వాదిస్తాను.

పెద్దనాన్న ఆఫీసు నుంచి బయటికి వచ్చేసరికి మేము ఆటోలో ఉన్నాం. దరఖాస్తు పెట్టుకుంటే పరిశీలిస్తారట. సంచి చూసి ఆయన నోరు తెరిచాడు. "అనుమతి లేకుండా ఎట్ల..." "నైనా, ఎక్కు," అంది అత్త. తన అన్నను అన్నా అనకుండా, టీ అంగడాయన్ను పిలిచినట్టు అలా పిలిచిందంటే కోపం గొంతు దాకా వచ్చిందని అర్థం. ఎక్కాడు.

తిరుగు రైలు దొరకలేదు. బస్సులో బయలుదేరాం. సరిహద్దు చెక్‌పోస్టులో బస్సు ఆపారు. ఇసుక పోతోందేమోనని ఒకరు, మందు పోతోందేమోనని ఒకరు, ఎవరి భయం వాళ్ళది. ఒక కానిస్టేబుల్ సీట్లు చూసుకుంటూ వచ్చి అత్త ఒళ్ళోని సంచి దగ్గర ఆగాడు.

"ఏందమ్మా అందులో?"

"అమ్మ."

"ఎవరి అమ్మ?"

"మా అమ్మ. ఊరికి తీసుకుపోతా ఉండాము."

అతను ఒక్క క్షణం తటపటాయించాడు. అస్థికలు అనుకున్నాడని నాకు అర్థమైంది. చేయి వెనక్కి తీసుకున్నాడు కూడా. ఇంకొక్క క్షణం మా వెనక సీటు నోరు మూసుకుని ఉంటే అయిపోయేది.

పెద్దనాన్న లేచి నిలబడ్డాడు. "సార్, నిజం చెప్తాను. అది ఏటి ఒడ్డు మన్ను. మేము అనుమతి కోసం ప్రయత్నం చేసినాము. రాలేదు. నేను కూడా గవర్నమెంటు సర్వెంటునే."

ఇలాంటి నిజాయితీని నేను జీవితంలో ఎన్నడూ క్షమించను. చేసిన ఉద్యోగంలో ఈ నిజాయితీ ఎవరికైనా అక్కరకు వచ్చిందా అంటే ఎవరూ చెప్పలేదు. రిటైరయ్యాక, చెల్లెలి ఒళ్ళో ఉన్నదాని మీద ఖర్చు చేశాడు.

సంచి కిందికి దించారు. మన్నులో ఏదో దాచామని అనుమానం. బల్ల మీద పాత పేపరు పరిచి సంచి బోర్లించారు. అదే సమయానికి ఒక లారీ దూసుకుపోయింది. పేపరు లేచింది. మన్ను సగం బల్ల మీద, సగం రోడ్డు వారన పడింది. కానిస్టేబుల్ వేలితో బల్ల మీది మన్నును కెలికి, ఏమీ దొరక్క, తనకే సిగ్గేసినట్టు చూశాడు.

అత్త బస్సు దిగి వెళ్ళింది.  రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, చీరకొంగు పరుచుకుని, అరచేత్తో ఊడ్చి మన్ను ఎత్తుతోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. "రెండు నిమిషాల్లో కదలకపోతే వదిలేసి పోతా" అని కేక వేశాడు. "పో," అన్నాన్నేను. "ఈ పక్క రాష్ట్రంలో టికెట్టు ఇచ్చినావు, ఆ పక్క రాష్ట్రం దాకా తీసుకుపోవాలి. మధ్యలో ముసలమ్మను వదిలిపోతే ఏ శాఖ అడుగుతుందో నాకు ఇప్పుడు బాగా తెలుసు." బస్సులో వాళ్ళు నవ్వారు. డ్రైవరు ఇంజను ఆపి బీడీ వెలిగించుకున్నాడు. చివరికి ఆ కానిస్టేబులే బల్ల మీద మిగిలింది పేపరుతో సహా మడిచి తెచ్చి అత్త కొంగులో పోశాడు. "తీసుకుపో అమ్మా. మాకెందుకు మట్టి."

బస్సు కదిలాక వెనక నుంచి గొణుగుడు వినబడింది. "దాంట్లో రోడ్డు దుమ్ము కలిసింది. ఇంక శుద్ధం కాదు." ఊరు చేరేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం నాకు ఎంత కష్టమో నన్ను ఎరిగినవాళ్ళకు తెలుసు.

శివరాత్రికి ముందు అందరూ మళ్ళీ కూడారు. పెద్దనాన్న నిలబడి రిపోర్టు చదివినట్టు చెప్పాడు. ఏరు నిర్ధారణ కాలేదు. చెట్టు ప్రభుత్వానిది. మన్నుకు అనుమతి లేదు. అందులో చెక్‌పోస్టు దుమ్ము కలిసింది. కాబట్టి అమ్మ కోయంబత్తూరు వస్తుంది.

"పెద్దనైనా," అన్నాను. "మొదట ఆ మన్ను కొంగున కట్టుకున్న అవ్వకు ఏ శాఖ అనుమతి ఇచ్చింది? అప్పటి గవర్నమెంటు వెనక నుంచి కత్తులు పట్టుకుని తరుముతా ఉండె. ఆమె ఆ కొంగుతోనే పిల్లల ముక్కులు తుడిచింది, ఆ కొంగే పరుచుకుని పడుకుంది. ఎన్ని ఊళ్ళ దుమ్ము కలిసి ఉంటుంది దాంట్లో? శుద్ధమైన మన్ను కావాలంటే మనం అక్కడే ఉండి చచ్చి ఉండాల్సింది. దుమ్ము కలిసింది కాబట్టే ఇక్కడ ఇంతమందిమి కూర్చుని నీ మాటలు వింటా ఉండాము."

పెరియకుళంవాళ్ళు తలలు ఊపారు. కోయంబత్తూరువాళ్ళు ఫోన్లు చూసుకున్నారు. ఎటూ తేలలేదు.

"మీరు మీరు తగాదా ఏంటికి?" అంది అత్త మెల్లగా. "అమ్మనే అడుగుదాము."

అడగడం అంటే మాలో గౌళి మాట వినడం. మన్ను ముందు పెట్టుకుని మొక్కి కూర్చోవాలి. బల్లి పలికితే సమ్మతం. పలకకపోతే లేదు. ఇంత చదువుకున్న కోయంబత్తూరువాళ్ళు కూడా దీనికి ఎదురు చెప్పరు. వాళ్ళ ఫ్యాక్టరీ శంకుస్థాపనలు కూడా బల్లి సంతకం చేసినవే. పెద్దనాన్న వెంటనే ఒప్పుకున్నాడు. "సరి. మా హాలులో అడుగుదాము. శుద్ధంగా ఉంటుంది."

"అమ్మ యాడుంటే అక్కడ కదా అడిగేది?" అంది అత్త. "ఆమె ఇప్పుడు కొట్టంలో ఉండాది."

నేను ఆమె మొహం చూశాను. అందులో ఏమీ లేదు. నెలకొకసారి మందు కొట్టించే ఆ పాలరాతి హాలులో బల్లి కాదు కదా, చీమ కూడా బతకదు. అత్త కొట్టంలో దూలాల నిండా బల్లులే. దీపాల వేళకు బల్బు చుట్టూ పురుగులు మూగితే, వాటి కోసం అవి ఒకదాన్నొకటి తరుముకుంటూ రోజూ సభ పెడతాయి. ఇది ఆ వంశంలో ఆమెకు, నాకు, ఆవుకు తెలుసు.

దీపాల వేళకు అందరం కొట్టంలో కూర్చున్నాం. కోయంబత్తూరువాళ్ళు ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. అత్త కొంగుముడి విప్పి మన్ను రాయి ముందు పెట్టి, "రావాలనుంటే పలుకు, లేకపోతే పో, నాకేం," అంది. అదే బెదిరింపు. కానీ గొంతు వణికింది. అది నేను మొదటిసారి విన్నాను. బల్లులున్నాయని తెలిసి కూడా ఆమె నిజంగానే అడుగుతోందని అప్పుడు అర్థమైంది.

బల్బు చుట్టూ పురుగులు చేరాయి. ఆవు తోక విసిరింది. పెద్దనాన్న గొంతు సవరించుకోబోయాడు. దూలం మీద గౌళి పలికింది. ఇంకొకటి బదులు పలికింది. తరువాత మూల నుంచి మరొకటి. ఏ దరఖాస్తుకూ నేను ఇంత త్వరగా జవాబు రావడం చూడలేదు.

శివరాత్రికి మల్లెతోట మూల మన్ను పోసి రాయిని నిలబెట్టాం. గంట తెచ్చారు, రేకు తెచ్చారు, స్టార్టరు కూడా జేబులోంచి బయటికి వచ్చింది. రాయికి నూనె రాసి నిమిరి, కోయంబత్తూరువాళ్ళు కూడా కళ్ళు మూసుకుని మొక్కారు. మొక్కేటప్పుడు మాత్రం వాళ్ళు మా మనుషుల్లాగే కనబడతారు. ఆ క్షణం ఎక్కువసేపు ఉండదు కాబట్టి సరిపోయింది.

అందరూ వెళ్ళాక అత్త చెక్కగరిటెతో పీఠం పక్క మన్ను తవ్వి ఒక స్టీలు డబ్బాలో పోసింది. మూత గట్టిగా బిగించి నా చేతిలో పెట్టింది.

"ఈసారి ఎవరో తీసినారని ఎవరూ అనుకోవద్దు. నీ దగ్గర పెట్టుకో. రోడ్డు మళ్ళీ వస్తుంది."

"ఆడదాన్ని కదా, ముట్టుకోవచ్చా?"

"నేనెవర్ని మరి? ఏటి ఒడ్డున వంగింది ఎవరు? పట్టుకో."

డబ్బా మదురైలో మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. కొత్తగా వచ్చిన పనామె చక్కెర డబ్బా అనుకుని ఒకసారి మూత తీసి, మళ్ళీ భయంగా పెట్టేసింది. మొన్న పెద్దనాన్న ఫోన్ చేశాడు. క్షేమసమాచారాలు అడిగాడు. అది ఆయన అలవాటు కాదు కాబట్టి నేను ఆగి విన్నాను. అమ్మ రాకపోయేసరికి హాలులో అయ్యరు చేయించిన కొత్త విగ్రహానికి ఏదో లోటుగా ఉందని ఇంట్లో ఆడవాళ్ళు అంటున్నారట. ఫ్యాక్టరీలో కూడా పనులు అనుకున్నట్టు సాగడం లేదట.

"అమ్మణ్ణీ, నీ దగ్గర అమ్మ మన్ను ఉండాదంటనే. పిడికెడు పంపిస్తావా?"

నేను డబ్బా మూత ఇంకాస్త బిగించాను.

"మట్టా పెద్దనైనా, ఇసుకా?" అన్నాను. "ముందు అది తేల్చుకుని అర్జీ పెట్టండి. పరిశీలిస్తాను."